ఛాతీ మీద ఏది కట్టుకోవాలి: అలాస్కాలో తొమ్మిది రోజులు

వెళ్ళింది నలుగురం. ఒకరికి అమెరికా పౌరసత్వం, ఇద్దరికి గ్రీన్ కార్డు, ఒకరికి హెచ్-1బి. కాగితాల గొడవ ముందే ఎందుకంటే, ఎలుగుల భయానికి అలాస్కా అడవిలోకి చేతి తుపాకీ పట్టుకెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నకి మొదటి జవాబు వీసాయే చెబుతుంది. హెచ్-1బి, ఎఫ్-1, బి-2 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే దానికో మినహాయింపు ఉంది. స్నేహితుడి పిస్టల్ కాసేపు మోసిపెట్టడం, షూటింగ్ రేంజ్‌లో అద్దె తుపాకీతో నాలుగు గుళ్ళు పేల్చడం లాంటివి కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. మా నాలుగో మనిషి తొమ్మిది రోజులూ తూటాల పెట్టె వైపు చెయ్యి కూడా చాపలేదు. అతని ఛాతీ మీద ఉన్నదల్లా బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీద కొట్టే మిరప మందు డబ్బా. తిరిగొచ్చాక లెక్క వేసుకుంటే, నలుగురిలో తక్కువ బరువు మోసి, తక్కువ కంగారుపడినవాడు అతనే.

ఆగస్టు 9, 2025, శనివారం – యాంకరేజ్

విమానంలో తుపాకీ వస్తుంది, స్ప్రే రాదు. విననివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ రూలు అదే. పిస్టల్ ఖాళీ చేసి, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి, కౌంటర్ దగ్గర నోటితో చెప్పి చెక్-ఇన్ సామానులో వేస్తే సరి. తూటాలు వాటి అట్టపెట్టెలోనే ఉండాలి. చాలా విమాన సంస్థలు 11 పౌండ్ల వరకే ఒప్పుకుంటాయి. బేర్ స్ప్రే మాత్రం చేతి సంచిలోనూ కుదరదు, చెక్-ఇన్‌లోనూ కుదరదు. స్టవ్‌కి వాడే గ్యాస్ డబ్బాదీ అదే గతి. కాబట్టి దిగగానే మొదటి పని ఈ రెండూ కొనడం.

కెనడా మీదుగా కారులో వచ్చే ఆలోచన ఉంటే పిస్టల్ మాట మరిచిపోవాలి. అక్కడ సరిహద్దు దగ్గర చేతి తుపాకీకి దారి లేదు. అలాస్కాలో దిగాక కొనుక్కుందామన్నా కుదరదు. ఫెడరల్ చట్టం ప్రకారం డీలరు చేతి తుపాకీని సొంత రాష్ట్రంలో ఉండేవాళ్ళకే ఇవ్వగలడు. బయటివాళ్ళు బేరమాడితే, దాన్ని వాళ్ళ ఊరి డీలరుకి పంపిస్తాడు. అందుకే ఇంటి దగ్గర అలవాటైనదే తెచ్చుకోవాలి. అలవాటు అన్న ఆ మాట మరుసటి రోజు రేంజ్‌లో మళ్ళీ మళ్ళీ వినబడింది.

క్యాంపింగ్ దుకాణంలో స్ప్రే డబ్బా ఒక్కోటి 50 డాలర్లకి అటూ ఇటూ. చూడాల్సినవి నాలుగు: డబ్బా మీద బేర్ స్ప్రే అని స్పష్టంగా రాసి ఉండాలి (మనుషుల మీద వాడే పెప్పర్ స్ప్రే పనికిరాదు), మందు 7.9 ఔన్సులకి తగ్గకూడదు, కనీసం 25 అడుగులు కొట్టాలి, అడుగున గడువు తేదీ ఉండాలి. తయారైన నాలుగేళ్ళకి లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. కౌంటర్లో ఉన్న నడివయసావిడ మేం అడక్కముందే డబ్బా తిరగేసి తేదీ చూపించింది. తర్వాత మందు లేని సాధన డబ్బా ఒకటి ముందుకు తోసి, "నలుగురికీ కలిపి ఒకటి చాలు, వెనకాల పార్కింగ్‌లో కొట్టి చూసుకోండి" అంది.

చూసుకున్నాం. డబ్బా మీది సేఫ్టీ క్లిప్పు వెనక్కి లాగడానికే ఇద్దరికి మూడు సెకన్లు పట్టింది. ఎలుగు గంటకి 35 మైళ్ళ వేగంతో, అంటే సెకనుకి 50 అడుగుల లెక్కన వస్తుంది. 60 అడుగుల దూరం దానికి సెకనున్నర కూడా కాదు. క్లిప్పుని బొటనవేలితో తన్నినట్టు లాగాలి, వేళ్ళతో గిల్లకూడదు. మూతి కాస్త కిందికి దించాలి, లేకపోతే మేఘం ఎలుగు తల మీదుగా పోతుంది. డబ్బాలో మొత్తం సరుకు ఏడెనిమిది సెకన్లదే. దాన్ని రెండు సెకన్ల చొప్పున వాడుకోవాలి.

సాయంత్రం ఫోర్త్ అవెన్యూలో బండి మీద రెయిన్‌డీర్ సాసేజ్. ఉల్లిపాయలు కోలాలో మగ్గబెట్టి పైన వేస్తారు. మసాలా లేదనుకునేవాళ్ళకి బండి చివర మిరియాల పొడి ఉంటుంది, అడగాలి. బండివాడు మా ఛాతీ మీది స్ప్రే బెల్టులు చూసి, "ఊళ్ళోనే మొదలెట్టారా" అని నవ్వాడు. నిజానికి యాంకరేజ్ పార్కు దారుల్లోనూ ఎలుగులు తిరుగుతాయి. నవ్విన అతని బండి కింద కూడా ఒక డబ్బా ఉంది.

ఆగస్టు 10, ఆదివారం – రేంజ్‌లో మూడు గంటలు

పెట్టెలో వచ్చినవి రెండు. ఒకటి 10 ఎంఎం గుండు వేసే పిస్టల్, గ్లాక్ 20. పిడిలో దూర్చే మేగజీన్‌లో 15 తూటాలు పడతాయి, నిండా వేస్తే రెండున్నర పౌండ్ల బరువు. రెండోది స్మిత్ అండ్ వెస్సన్ 629, స్టెయిన్‌లెస్, 4 అంగుళాల బ్యారెల్, .44 మాగ్నమ్ రివాల్వర్. దీనికి ఆరే తూటాలు, ఖాళీగానే రెండున్నర పౌండ్లు దాటుతుంది. వీటికి తోడు రేంజ్‌లో అద్దెకి మూడోది తీసుకున్నాం. అదీ .44 మాగ్నమే గానీ స్కాండియం కలిపిన అల్యూమినియం ఫ్రేముతో చేసిన తేలిక రకం, పౌండున్నర పైచిలుకు. దుకాణంలో చేత్తో పట్టుకుంటే అందరికీ నచ్చేది ఇదే.

పరీక్ష చాలా మామూలుది. పది గజాల్లో కాగితం పళ్ళెం. ఛాతీకి కట్టుకునే తుపాకీ ఒర, అంటే హోల్‌స్టర్‌లోంచి తీసి మూడు సార్లు కాల్చాలి. మూడూ పళ్ళెంలో పడాలి, టైమర్ చూడాలి. 10 ఎంఎం తో ముగ్గురికీ పడ్డాయి. బరువైన .44 తో ఇద్దరికి పడ్డాయి గానీ గుండుకీ గుండుకీ మధ్య దాదాపు రెట్టింపు సమయం పట్టింది. తేలిక .44 తో మూడూ పెట్టగలిగినవాళ్ళు లేరు. 300 గ్రెయిన్ల (గుండు బరువుకి వాడే కొలత) గుండు వేసి కాలిస్తే అది చేతిని కాదు, మణికట్టుని తంతుంది. రెండో గుండు పేల్చేముందే కళ్ళు మూసుకుపోతాయి.

దానితో వచ్చే అసలు చిక్కు మరోటి ఉంది. పక్క లేన్‌లో ఉన్న పెద్దాయన చూపించాడు. నాలుగు పేల్చి ఆపి, తూటాలుండే తిరుగుడు సిలిండర్ తెరిచి, మిగిలిన తూటాల మూతులు చూడమన్నాడు. ఐదో దాని గుండు గొట్టంలోంచి గోరంత ముందుకు జరిగి ఉంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు తూటా గొట్టం దానితోపాటు వెనక్కి పోతుంది, బరువైన సీసపు గుండు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. బిగింపు గట్టిగా లేకపోతే గుండు బయటికి వస్తుంది. ఇంకొంచెం వస్తే సిలిండర్ తిరగదు, రివాల్వర్ బిగుసుకుపోతుంది. రివాల్వర్ జామ్ కాదని ధీమాగా చెప్పేవాళ్ళు ఈ ఒక్క సంగతి వదిలేస్తారు. తూటాలో మందు ఎంత ఎక్కువైతే, ఫ్రేము ఎంత తేలికైతే, ఇది అంత ఎక్కువ. అడవికి తీసుకెళ్ళే తూటా రకాన్నే రేంజ్‌లో ఐదు పేల్చి, ఆరోదాన్ని కొలిచి చూడాలి.

పిస్టల్‌కి దాని జబ్బులు దానికున్నాయి. ఎడమ చేత్తో ఒక్కదానితో, మోచెయ్యి వదులుగా పెట్టి కాలిస్తే పైన కదిలే స్లైడు పూర్తిగా వెనక్కి పోలేదు, ఖాళీ గొట్టం బయటపడే సందులో ఇరుక్కుంది. ఎలుగు మీద పడ్డాక ఒక చెయ్యి దాని నోట్లో ఉండొచ్చు. అప్పుడు కాల్చేది సరిగ్గా ఇలాగే. పైగా పిస్టల్ మూతిని ఒంటికి గట్టిగా నొక్కితే స్లైడు కాస్త వెనక్కి జరిగి అసలు పేలదు. ఆ దగ్గర పోట్లాటలో రివాల్వరే మెరుగు. దూరం ఉన్నంతసేపూ 15 తూటాలు, తక్కువ తన్ను ఉన్న పిస్టల్ మెరుగు. రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలంటే, ఏడాదికి నాలుగైదు సార్లు రేంజ్‌కి వెళ్ళని మనిషి 10 ఎంఎం తీసుకుని మణికట్టు బిగించడం నేర్చుకోవడమే మంచిది.

గుండు రకం మాత్రం పంతానికి పోవాల్సిన విషయం. ఊళ్ళో ఆత్మరక్షణకి వాడే బోలు మూతి గుండు తగలగానే పువ్వులా విచ్చుకుని ఆగిపోతుంది. ఎలుగు కొవ్వూ కండా పుర్రే దాటి లోపలికి పోవాలంటే విచ్చుకోని గుండు కావాలి: గట్టి సీసంతో పోతపోసిన, వెడల్పు చదును మూతి ఉన్నది. 10 ఎంఎం కి 200 నుంచి 220 గ్రెయిన్లు, .44 కి 300 చుట్టుపక్కల. 20 తూటాల పెట్టె 40 డాలర్లు పైనే పడింది. పాత గ్లాక్ బ్యారెళ్ళలో గాడి కోణాలు లేని పాలిగోనల్ రకం ఉంటుంది. పోత సీసం ఎక్కువ కాలిస్తే అందులో సీసం పేరుకుపోతుంది. కాబట్టి సాధనకి రాగి తొడుగు గుళ్ళు వాడి, పోత గుళ్ళతో ఒక పెట్టెడు మాత్రం కాల్చి, మేగజీన్‌లోంచి తడబాటు లేకుండా ఎక్కుతున్నాయో లేదో చూసుకోవాలి. 2016లో అలాస్కాలోనే ఒక గైడు చిన్న 9 ఎంఎం పిస్టల్‌తో, ఇలాంటి గట్టి గుళ్ళతోనే, మీదికొచ్చిన బ్రౌన్ బేర్‌ని (గోధుమరంగు ఎలుగు, లోపలి ప్రాంతాల్లో దీన్నే గ్రిజ్లీ అంటారు) ఆపాడు. 9 ఎంఎం చాలని దీనికి అర్థం తీయకూడదు. చేతికి అలవాటైన తుపాకీలో లోతుకి దిగే గుండు ఉంటే చిన్న కాలిబర్ కూడా ఎంతో కొంత చేస్తుందని మాత్రం తెలుస్తుంది.

లేన్ అద్దె, అద్దె తుపాకీ, తూటాలు కలిపి ముగ్గురికీ 260 డాలర్లు. మొత్తం ప్రయాణంలో వృథా కాని ఖర్చుల్లో ఇదొకటి.

ఆగస్టు 11, సోమవారం – పార్క్స్ హైవే, టాల్కీట్నా

డెనాలీ నేషనల్ పార్కు యాంకరేజ్ నుంచి 237 మైళ్ళు. వాసిల్లా దాటాక కొట్లు తగ్గిపోతాయి, నీళ్ళూ పెట్రోలూ అక్కడే చూసుకోవాలి. టాల్కీట్నాకి హైవే నుంచి 14 మైళ్ళు పక్కకి తిరగాలి. ఆ మలుపు మాటల్లో పడి దాటేసి పన్నెండు మైళ్ళు పోయాక గుర్తించాం.

ఊరు ఒకే వీధి. డెనాలీ శిఖరం ఎక్కేవాళ్ళు విమానం ఎక్కేది ఇక్కడినుంచే. పాలకూర, వెల్లుల్లి, చీజ్ పరిచి కాల్చిన రొట్టె తిన్నాం, పన్నెండు డాలర్లు. బిర్చ్ చెట్టు పాకం కూడా అమ్ముతారు. మన తాటిబెల్లం పాకానికి దగ్గరగా, చివర్లో కాస్త చేదు తగులుతుంది. సీసా కొంటే అది అడవిలో మూత పెట్టినా వాసన వచ్చే సరుకు కిందికే వస్తుంది. ఆశ పడకుండా తిరుగు ప్రయాణానికి వాయిదా వేశాం.

ఇక్కడే హోల్‌స్టర్ల బేరం తేలింది. నడుముకి కట్టే హోల్‌స్టర్ వీపు సంచి నడుము పట్టీ కింద పడి నలిగిపోతుంది. పిస్టల్ తీయాలంటే ముందు పట్టీ విప్పాలి. సంచి లోపల పెట్టుకున్న తుపాకీ అయితే ఉన్నట్టే కాదు. ఛాతీ హోల్‌స్టర్ ఎడమ పక్కటెముకల మీదుగా, పిడి గుండె మధ్యకి వచ్చేలా వాలుగా కూర్చుంటుంది. వీపు సంచి ఉన్నా, నదిలో మోకాలి లోతులో నడుస్తున్నా, కూర్చుని చేప శుభ్రం చేస్తున్నా అదే చోట దొరుకుతుంది. తోలు రకం మెత్తగా ఉంటుంది గానీ వానలో నాని వారమైనా ఆరదు. ప్లాస్టిక్ లాంటి కైడెక్స్ రకం వానకి బెదరదు, కాకపోతే ఇసుక చేరి తుపాకీ పూత గీసుకుంటుంది. ట్రిగ్గర్ మొత్తం మూసి ఉండాలన్నది రెండింటికీ షరతే.

స్ప్రే ఎక్కడ పెట్టాలి? అదీ ఛాతీ మీదే, అవతలి వైపు. దీనికి ఒక చిన్న నియమం పెట్టుకున్నాం: బలమైన చేతికి స్ప్రే, రెండో చేతికి తుపాకీ. తుపాకీ అభిమానులకి ఇది నచ్చదు. కానీ చాలా సందర్భాల్లో ముందు తీయాల్సింది ఏదో, అది మంచి చేతికి అందాలి.

ఆగస్టు 12, మంగళవారం – డెనాలీ పార్కు ద్వారం

పార్కు ప్రవేశం మనిషికి 15 డాలర్లు. అడవి లోపల గుడారం వేసుకోవడానికి పర్మిట్‌కి డబ్బు లేదు, కానీ మనిషి వెళ్ళి, వీడియో చూసి, రేంజర్ చెప్పేది విని తీసుకోవాలి. నేషనల్ పార్కుల్లో తుపాకీ ఉంచుకోవడం 2010 ఫిబ్రవరి 22 నుంచి రాష్ట్ర చట్టాల ప్రకారం చెల్లుతుంది. అయితే పార్కులోని ఫెడరల్ భవనాల్లోకి మాత్రం తీసుకెళ్ళకూడదు, తలుపు మీదే రాసి ఉంటుంది. పర్మిట్ ఇచ్చేది ఆ భవనంలోనే! కారు డిక్కీలో పెట్టెకి తాళం వేసి వెళ్ళాలి. అలాస్కాలో దాచిపెట్టుకుని తిరగడానికి 21 ఏళ్ళు నిండినవాళ్ళకి పర్మిట్ అక్కర్లేదు. కానీ పోలీసు ఆపితే దగ్గర తుపాకీ ఉందని వెంటనే చెప్పాలి.

రేంజర్ ముప్పై ఏళ్ళ కుర్రాడు, చేతి గడియారం పట్టీకి దోమల మందు మరకలు. తుపాకీ ఉందా అని అడగలేదు. "స్ప్రే ఉందా, ఎవరి దగ్గర, తీసి చూపించండి" అన్నాడు. మా నలుగురి చేతులూ ఛాతీ మీదికి వెళ్ళేసరికి తలూపాడు.

లెక్కలు అతని వైపే ఉన్నాయి. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా స్ప్రే వాడిన 83 ఘటనలు పరిశీలిస్తే బ్రౌన్ బేర్‌ల విషయంలో 92 శాతం, నల్ల ఎలుగుల విషయంలో 90 శాతం సార్లు ఎలుగు ఆగింది. దగ్గరి నుంచి ఎదురైనప్పుడు స్ప్రే ఉన్నవాళ్ళలో 98 శాతం మందికి దెబ్బ తగల్లేదు. ఆ పరిశోధకుల బృందమే 2012లో తుపాకీల మీద ఇంకో లెక్క వేసింది: 269 ఘటనల్లో చేతి తుపాకీలు 84 శాతం, పొడవు తుపాకీలు (రైఫిల్, షాట్‌గన్) 76 శాతం పనిచేశాయి. కానీ తుపాకీ ఉండి పేల్చినవాళ్ళకీ, ఉండి పేల్చనివాళ్ళకీ గాయాల్లో తేడా కనబడలేదు. తీయడానికి సమయం చాలకపోవడం, సేఫ్టీ మరిచిపోవడం, తొలి గుండు తప్పడం లాంటివే కారణాలు. ఎదురుగాలికి స్ప్రే పనిచేయదన్న భయం కూడా ఆ లెక్కలో పెద్దగా నిలబడలేదు. గాలి ఇబ్బంది పెట్టినవి ఏడు శాతమే, వాటిలోనూ మందు ఎలుగుని చేరింది.

రేంజర్ ఎలుగు తెరవలేని గుండ్రటి నల్ల డబ్బాలు ఇచ్చాడు, అద్దె లేదు. తిండంతా అందులోనే. తిండి అంటే వాసన వచ్చేవన్నీ: టూత్‌పేస్టు, పెదవుల మైనం, సన్‌స్క్రీన్, వాడిన చాయ్ సంచులు. మూత మీది బిరడాలు నాణెంతో తిప్పితేనే తెరుచుకుంటాయి. ఒక క్వార్టర్ నాణెం దారంతో డబ్బాకే కట్టుకోవాలి, లేకపోతే చలి పొద్దున ఆకలితో గులకరాళ్ళు వెతకాలి. మాతో ఉన్న ఆవకాయ ప్యాకెట్ మీద పెద్ద చర్చ నడిచింది. రెండు పొరల జిప్ కవర్లో వేసి డబ్బా అడుక్కి పెట్టాం. కారం ఉంది కదా ఎలుగు రాదనుకోవడం పొరపాటు. గాల్లో మేఘంగా కళ్ళలో పడితే మిరప మందు, నేల మీద ఆరిపోయాక అదే తాలింపు వాసన. గుడారం చుట్టూ స్ప్రే కొట్టుకుంటే ఎలుగు వచ్చి ఆ చోట పొర్లుతుంది. ఇది కూడా అలాస్కాలో చూసి రాసిపెట్టిన సంగతే.

ఆగస్టు 13, 14 – టెక్లనికా నది

పార్కు రోడ్డు 92 మైళ్ళు. కొండచరియ జారి 2021 నుంచి 43వ మైలు దగ్గరే ఆగిపోతోంది. మేం అంత దూరం కూడా పోలేదు, క్యాంపర్ బస్సు దిగి టెక్లనికా గులక మైదానం వెంట దక్షిణానికి నడిచాం. దారులు ఉండవు. రోడ్డుకి అర మైలు దాటి, రోడ్డు మీదికి కనబడకుండా గుడారం వేయాలి. వండే చోటు, తిండి డబ్బా పెట్టే చోటు, పడుకునే చోటు మూడూ ఒకదానికొకటి వంద గజాల దూరంలో ఉండాలి. డబ్బాని నది ఒడ్డునా గట్టు అంచునా పెట్టకూడదు. ఎలుగు దాన్ని తెరవలేక బంతిలా దొర్లిస్తుంది. నీళ్ళలో పడితే వారం తిండి పోయినట్టే.

ఇక్కడికి నాలుగు మైళ్ళ అవతల, ఇగ్లూ క్రీక్ లోయలో, 2010 మే నెలలో ఇద్దరు నడుస్తుంటే పొదల్లోంచి గ్రిజ్లీ ఒకటి దూసుకొచ్చింది. ఒకాయన .45 పిస్టల్‌తో తొమ్మిది గుళ్ళు కాల్చాడు. ఎలుగు తిరిగి పొదల్లోకి పోయింది. తర్వాత వంద అడుగుల దూరంలో చచ్చిపడి కనబడింది. పార్కుని పెంచకముందున్న పాత హద్దుల్లో ఇలా జరగడం అదే మొదలు, కొత్త చట్టం వచ్చి మూడు నెలలే. తొమ్మిది కాల్చినా అది వంద అడుగులు నడిచింది అన్న ముక్కే మనసులో ఉంచుకోవాలి. స్ప్రే కొట్టాక ఎలుగు చాలాసార్లు వెళ్ళిపోతుంది. గుండు తగిలిన ఎలుగు వెంటనే పడకపోతే ఆ దగ్గర్లోనే పొదల్లో ఉండొచ్చు.

ఆ ఇద్దరిలా పొదల్లో పడటం ఎంత తేలికో మొదటి సాయంత్రమే తెలిసింది. నది పాయలు సాయంత్రానికి ఉబ్బుతాయి, ఎండకి హిమానీనదం కరిగిన నీళ్ళు దిగేది అప్పుడే. పొద్దున పాదం తడవని పాయ సాయంత్రం తొడ దాకా వచ్చింది. దాటకుండా ఒడ్డు వెంట పోదామని కుడికి తిరిగితే విల్లో పొదలు. తల పైదాకా ఆకులు, పది అడుగులు కనబడదు, నీటి హోరుకి మన గొంతు మనకే వినబడదు, గాలి ఎదురు. అంటే ముందున్న జంతువుకి మన చప్పుడూ చేరదు, వాసనా చేరదు. తప్పు తెలిసిన చోటే ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరగాలి, అడ్డంగా కోసుకుపోకూడదు. నలుగురూ ఒకరికొకరు ఆనుకుని, స్ప్రే చేత్తో పట్టుకుని, చప్పట్లు కొడుతూ, గట్టిగా మాట్లాడుతూ బయటపడ్డాం. తెలుగులో అరిచినా పనిచేస్తుంది, మనిషి గొంతని తెలిస్తే చాలు. బూటుకి కట్టే గంటలు మాత్రం దండగ, ఆ చప్పుడు ఏటి హోరులో కలిసిపోతుంది.

రెండో రోజు ఎలుగు కనబడింది. నాలుగు వందల గజాల అవతల, సోప్‌బెర్రీ పొదల్లో తల దించి తింటోంది. ఎర్రటి పళ్ళు, మనకి నోట్లో పెడితే సబ్బు చేదు. ఆగస్టులో ఇక్కడి గ్రిజ్లీలకి అవే అన్నం. పార్కు నియమం మూడు వందల గజాలు. మాకూ దానికీ మధ్య వంద గజాలే ఎక్కువ. గంటన్నర కదలకుండా కూర్చున్నాం. పిస్టల్ వైపు ఎవరి చెయ్యీ పోలేదు. 2012 ఆగస్టులో ఈ పార్కులో తొలిసారి ఎలుగు చేతిలో మనిషి చనిపోయిన ఘటనలో, అతను అంతకుముందు మూడు వందల గజాల కన్నా బాగా దగ్గరి నుంచి చాలా నిమిషాల పాటు ఫోటోలు తీశాడని కెమెరాలో తేలింది.

రెండు రోజుల్లో సామాను గురించి తేలినవి. దోమల మందులోని డీట్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. చేతికి రాసుకుని పిస్టల్ పిడి పట్టుకుంటే పూత జిగటగా మారింది. చేతి వెనక రాసుకోవాలి, అరచేతికి కాదు. ఇక్కడి నదుల నీళ్ళు బూడిద కలిపిన పాలలా ఉంటాయి. నేరుగా ఫిల్టర్‌లో పోస్తే రెండు లీటర్లకే మూసుకుపోతుంది. గిన్నెలో రాత్రంతా తేరనిచ్చి పైది వంచుకోవాలి. పిస్టల్‌ని రాత్రి గుడారంలోని వెచ్చదనంలోకి తెస్తే చెమట పట్టినట్టు తడిసి, పొద్దున చలికి ఆ తడి బిగుస్తుంది. గుడారం బయటి పొర కింద, చేతికందే చోట, ప్రతి రాత్రీ అదే చోట ఉంచాలి. స్ప్రే మాత్రం నిద్ర సంచి పక్కన, గడ్డకట్టే చలిలో దాని దూరం తగ్గుతుంది. నూలు బట్టలు ఇంట్లోనే వదిలేయాలి, తడిస్తే ఎలుగు కన్నా ముందు చలే చంపుతుంది. ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్‌కి నెలవారీ చందా ఉండదు, ఫోను సిగ్నల్ అక్కర్లేదు. తుపాకీకి పెట్టే డబ్బులో సగంతో ఇది వస్తుంది, ముందు ఇదే కొనాలి.

ఆగస్టు 15, శుక్రవారం – దారిలో

రోజంతా కారు, వాన. తడిసిన రివాల్వర్ సిలిండర్ కింద తుప్పు చుక్క కనబడింది. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిది కాదు, ఆలస్యంగా పట్టేది.

ఆగస్టు 16, శనివారం – కూపర్ ల్యాండింగ్, రష్యన్ రివర్

సాకై సాల్మన్ ఎర్రగా మారి ఎగువకి ఎక్కే కాలం. నది నిండా మనుషులు, భుజం భుజం రాసుకుంటూ గాలాలు. చేప ఉన్న చోటికి బ్రౌన్ బేర్ రాకుండా ఉండదు. డెనాలీ లోపలి గ్రిజ్లీ మగది మూడు నుంచి ఆరు వందల పౌండ్లు ఉంటే, సాల్మన్ తినే తీరం వైపువి అంతకన్నా బాగా పెద్దవి. ఇక్కడ ఛాతీ హోల్‌స్టర్లు చొక్కా గుండీల్లా మామూలు. రైన్‌కోటు మీద .44 కట్టుకున్న బామ్మగారు చేప కోస్తూ మాట కలిపింది. నదిలో ఉన్నప్పుడు నీళ్ళ బూట్ల నడుము పట్టీ కిందికి హోల్‌స్టర్ పోతే పనికిరాదని, మెడ దాకా లాగి కట్టుకోమని సర్ది చూపించింది. ఆవిడ దృష్టిలో అసలు ఆయుధం చేతిలో ఉన్న కత్తి. మాంసం తీశాక మిగిలిన ముల్లుని చిన్న ముక్కలు చేసి పారే నీళ్ళ మధ్యకి విసిరితే కొట్టుకుపోతుంది. గట్టున వదిలేస్తే ఎలుగుకి రోజూ అక్కడికే రావడం అలవాటవుతుంది. సంచి, చేపల తాడు ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉండాలి.

కాల్చి చంపితే తర్వాత ఏమవుతుందో కూడా ఆవిడే వివరించింది. ప్రాణం కాపాడుకోవడానికి కాల్చినా ఎలుగు మనది కాదు. గోళ్ళతో సహా తోలు ఒలిచి, పుర్రె తీసి, రాష్ట్ర వేట శాఖకి అప్పజెప్పాలి, పదిహేను రోజుల్లోగా నివేదిక రాయాలి. తిండి బయట వదిలేసి ఎలుగుని మనమే పిలిచినట్టయితే ఆ సాకు చెల్లదు. ఆరు వందల పౌండ్ల జంతువు తోలు వానలో ఒలవడం ఇద్దరు మనుషులకి సగం రోజు పని, మరో ఎలుగు వాసన పట్టి రాకముందే ముగించాలి.

ఇచ్చిన సాల్మన్ ముక్క ఉప్పు, మా దగ్గర మిగిలిన కారం రాసి రేకులో కాల్చుకున్నాం. ఆవకాయ నూనె పైన వేస్తే బామ్మగారు రెండో ముక్క అడిగింది.

ఆగస్టు 17, ఆదివారం – యాంకరేజ్

తుపాకీలు విప్పి, పొడి గుడ్డతో తుడిచి, పలచటి నూనె ఒక్క పొర. అడవికి 40 తూటాలు తీసుకెళ్తే 40 మిగిలాయి. పాత అట్టపెట్టెలు పారేయలేదు కాబట్టి తిరుగు విమానానికి కొత్తవి కొనక్కర్లేదు. స్ప్రే డబ్బాలు మాత్రం వెంట రావు. కారు ముందు అద్దం కింద ఎండలో వదిలేస్తే 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి పగిలే ప్రమాదం ఉంది, అద్దె కారు లోపల పగిలితే ఆ కారు ఇంకెవరూ ఎక్కలేరు. సాధనలో సగం కొట్టిన డబ్బా ఉంటే అదీ నమ్మకూడదు, ఒత్తిడి ఎంత మిగిలిందో బయటికి తెలియదు. మావి నాలుగూ నిండుగానే ఉన్నాయి. హాస్టల్లో మర్నాడు డెనాలీకి బయలుదేరే జంట ఉంటే వాళ్ళకి రెండిచ్చాం, మిగతా రెండు రిసెప్షన్ బల్ల కింది పెట్టెలో వేశాం. ఆ జంటలో అమ్మాయి డబ్బా తీసుకుని ముందు అడుగు తిప్పి తేదీ చూసింది. తర్వాత బొటనవేలితో క్లిప్పు వెతికింది.